సమాధి దొంగలు, కొరత శిక్షలు: ఒక గ్రంథ విమర్శ

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ ఉన్నది. నిజాము కుటుంబం ద్వారా అది ఈ నగరానికి చేరింది. విహారయాత్రకు వచ్చిన విద్యార్థులు ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడతారు. వారు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ రెండే. శవంతోపాటు పెట్టిన బంగారం ఏమయింది? ఎత్తుకొని పోయిన దొంగలను ఏమి చేసేవారు? ఈ రెండవ ప్రశ్నకు సాధారణంగా లభించే జవాబు ఇది: “ముక్కు చెవులు కోసేవారు, కొరత వేసేవారు. అందుచేత సమాధుల జోలికి పోవడానికి జనం హడలిపోయేవారు.”

ఈ జవాబులో మొదటి వాక్యానికి ఆధారం ఉన్నది. రెండవ వాక్యానికి లేదు. దాదాపు ఫారోల సమాధులన్నీ ప్రాచీన కాలంలోనే దొంగల పాలయ్యాయి. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టూటన్‌ఖామెన్ సమాధిలో కూడా, రాజును పాతిపెట్టిన కొద్ది కాలానికే, కనీసం రెండుసార్లు దొంగలు పడ్డారు. శిక్ష అంత భయంకరమైనదైతే దొంగతనం ఎందుకు ఆగలేదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు తప్పక చూడవలసిన గ్రంథం ఒకటి ఉన్నది. టి. ఎరిక్ పీట్ అనే ఆంగ్ల పండితుడు 1930లో ఆక్స్‌ఫర్డు నుంచి రెండు సంపుటాలుగా వెలువరించిన “ఇరవయ్యవ ఈజిప్టు రాజవంశపు మహా సమాధి దోపిడులు” అనే రచన అది. దాని గొప్పతనం ఏమిటి, దాని హద్దులు ఏమిటి, దానినుంచి ఉపాధ్యాయులు గ్రహించవలసినది ఏమిటి అన్నది పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథ స్వరూపం

ఈజిప్టువారు జమ్ముజాతి మొక్కనుంచి తయారుచేసిన పపైరస్ అనే కాగితం మీద రాసేవారు. సమాధి దొంగల విచారణలకు సంబంధించిన పపైరస్ చుట్టలు పది దాకా నిలిచి ఉన్నాయి. అవి పందొమ్మిదవ శతాబ్దంలో థీబ్స్ నగర ప్రాంతంనుంచి బయటపడి, లండను, లివర్‌పూల్ మొదలైన చోట్లకు చెదిరిపోయాయి. పీట్ వాటిని ఒకచోటికి తెచ్చాడు. మూలాన్ని అచ్చుకెక్కించి, పక్కనే అనువాదం ఇచ్చి, సందేహమున్న చోట సందేహమనే చెప్పాడు. శాస్త్రగ్రంథానికి ఉండవలసిన మొదటి లక్షణం ఇదే. రచయిత అభిప్రాయంతో ఏకీభవించని పాఠకుడు కూడా ఆధారాన్ని స్వయంగా చూసుకొనే వీలు కలిగింది.

అయితే ఈ గ్రంథాన్ని ఆసాంతం చదివేవారు తక్కువ. దీనిని ఆధారం చేసుకొని పుట్టిన జనరంజక రచనలను చదివేవారు ఎక్కువ. అటువంటి రచనల్లో తరచు మిగిలేది కొరతకొయ్య, బెత్తం, తెగిన ముక్కు మాత్రమే. అసలు పత్రాలు చెప్పే కథ ఇంతకన్న చిక్కనైనది.

నగరాధికారుల తగవు

మొదట ఎబట్ పపైరస్ సంగతి చూద్దాం. ఇది రామెసెస్ IX పరిపాలనలో 16వ సంవత్సరానికి, అంటే సుమారు క్రీ.పూ. 1110కి చెందినది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. నైలు నదికి తూర్పు ఒడ్డున ఉన్న థీబ్స్ నగరానికి పేసర్ అధికారి. పడమటి ఒడ్డున సమాధులున్న భాగానికి పవేరా అధికారి. రాజుల సమాధులలో దొంగలు పడ్డారని పేసర్ మహామంత్రికి ఫిర్యాదు చేశాడు. సమాధుల కాపుదల పవేరా బాధ్యత కాబట్టి, ఆ ఫిర్యాదు నిజమైతే ముప్పు పవేరాకే.

వరదకాలపు మూడవ నెల 18వ రోజున తనిఖీ బృందం పడమటి ఒడ్డుకు పోయింది. పది రాజసమాధులను పరీక్షించింది. తొమ్మిది భద్రంగా ఉన్నాయి. సెబెకెంసాఫ్ అనే పూర్వపు రాజు సమాధిలోకి మాత్రం దొంగలు సొరంగం తవ్వి ప్రవేశించారు. దేవాలయ గాయనుల సమాధులు నాలుగింటిలో రెండు దోపిడికి గురయ్యాయి. ఇక సామాన్య ప్రజల సమాధుల విషయం ఒక్క మాటలో తేలిపోయింది. అవన్నీ దోచబడ్డాయి. శవాలను పెట్టెలలోనుంచి లాగి ఇసుకలో పారవేశారు. ఈ సంగతి రాసిన గుమాస్తాకు అది పెద్ద విశేషంగా తోచినట్టు లేదు.

మరుసటి రోజు మహామంత్రి ఖయెంవాసెత్ స్వయంగా వచ్చాడు. పేఖారు అనే కంచరిని కళ్ళకు గంతలు కట్టి తీసుకొని వచ్చారు. రామెసెస్ III భార్య ఐసిస్ సమాధినుంచి కొన్ని వస్తువులు దొంగిలించానని అతడు రెండేళ్ళ క్రిందట జరిగిన విచారణలో చెప్పి ఉన్నాడు. ఇప్పుడు గంతలు విప్పి, “ఆ సమాధి ఎక్కడ?” అని అడిగారు. అతడు ఎన్నడూ ఎవరినీ పాతిపెట్టని ఒక ఖాళీ గోతిని, ఒక పనివాని గుడిసెను చూపాడు. ఎంత గట్టిగా విచారించినా అంతకుమించి చూపలేకపోయాడు. అబద్ధమాడితే ముక్కు చెవులు పోగొట్టుకొని కొరతకెక్కుతానని ప్రమాణం చేశాడు.

21వ రోజున అమన్ దేవాలయంలో మహాసభ కూడింది. ఫిర్యాదు చేసిన పేసర్ కూడా ఆ సభలో ఒక సభ్యుడుగా కూర్చున్నాడు. కంచరులు నిర్దోషులని తేల్చి వదలివేశారు. పవేరా గెలిచాడు.

ఈ పత్రంలో శాస్త్రవిద్యార్థి మెచ్చదగినది ఒకటున్నది. ఒప్పుకోలు మాటను స్థలానికి తీసుకొనిపోయి పరీక్షించారు. పేఖారు నోట వచ్చిన మాట ఒకటి, అతడు చూపగలిగిన చోటు మరొకటి. మాట కన్న చోటు బలమైన సాక్ష్యమని మూడువేల యేళ్ళ క్రిందటి అధికారులు గుర్తించారు. అయితే పరీక్షించినవారిలో పరీక్ష ఫలితంతో లాభనష్టాలున్నవారు కూడా ఉన్నారు. మరుసటి పాలనా సంవత్సరంలో ఐసిస్ సమాధిని తెరచి చూడగా అది నిజంగానే ధ్వంసమై కనిపించింది. పేఖారు ఆ దొంగ కాకపోవచ్చు. కాని “అంతా భద్రం” అన్న తీర్పు నిలువలేదు.

రెండు ముక్కలైన పత్రం

సెబెకెంసాఫ్ సమాధిని దోచినవారి విచారణ మరొక పపైరస్‌లో ఉన్నది. పీట్ గ్రంథం రాసేనాటికి దాని క్రింది సగం మాత్రమే తెలుసు. దానికి ఆమ్హర్స్ట్ పపైరస్ అని పేరు. పై సగం ఏమయిందో ఎవరికీ తెలియదు. పీట్ గ్రంథం వెలువడిన ఐదేళ్ళకు, 1935లో, బ్రస్సెల్స్ ప్రదర్శనశాలలో ఝాఁ కపార్ అనే పండితుడు ఒక చిన్న కొయ్యబొమ్మ బోలులో చుట్టిపెట్టి ఉన్న పపైరస్‌ను కనుగొన్నాడు. ఆ బొమ్మను బెల్జియం రాజు లియొపోల్డ్ II యువరాజుగా ఉన్నప్పుడు ఈజిప్టునుంచి తెచ్చుకొన్నాడు. లోపల ఉన్నది ఆ పోయిన పై సగమే. ఈ విధంగా రెండు సగాలు కలిసిన తరువాతనే ఒప్పుకోలు పూర్తిగా చదవడానికి వీలైంది.

అమన్‌పనెఫెర్ అనే రాతి పనివాడు చెప్పిన సంగతి అది. అతడు, మరి ఏడుగురు రాగి పనిముట్లతో సమాధిలోకి తొలుచుకొని పోయారు. రాజు, రాణి నుబ్‌ఖాస్ శవపేటికలను తెరిచారు. శవాల మీది బంగారాన్ని ఒలుచుకొని, పేటికలకు నిప్పు పెట్టారు. వచ్చిన బంగారం 160 దెబెన్లు. ఒక దెబెను సుమారు 91 గ్రాములు కనుక అది పద్నాలుగున్నర కిలోలు. ఎనిమిది మందికి తలకు 20 దెబెన్ల చొప్పున పంచుకొన్నారు.

కొన్నాళ్ళకు ఈ సంగతి పొక్కింది. అమన్‌పనెఫెర్‌ను పట్టుకొని బంధించారు. అతడు తన వాటా 20 దెబెన్ల బంగారాన్ని రేవు గుమాస్తా ఒకనికి ఇచ్చాడు. గుమాస్తా వదలివేశాడు. మిత్రుల వద్దకు తిరిగి వస్తే వారు అతనికి మళ్ళీ వాటా ఇచ్చారు. అటుపై సమాధులను దోచడం తనకు అలవాటైందని అతడే చెప్పాడు.

శిక్ష ఎంత కఠినమైనదైనా దొంగతనం ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉన్నది. కొరతకొయ్య ఊరి బయట నిలబడి ఉన్నది. దానికీ దొంగకూ నడుమ ఒక గుమాస్తా ఉన్నాడు. తప్పించుకొనే ధర దొంగలకు తెలుసు. చిక్కితే ఏమవుతుందన్న దాని కన్న చిక్కే అవకాశం ఎంత అన్నదే మనిషి నడతను నిర్ణయిస్తుంది.

బెత్తం చెప్పించిన మాటలు

ముప్పై యేళ్ళ తరువాత, రామెసెస్ XI కాలంలో, మరొక పెద్ద విచారణ జరిగింది. ఆ పత్రాలలో ఒక పద్ధతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. నిందితుని చేత ప్రమాణం చేయిస్తారు. బెత్తంతో కొడతారు. పాదాలను, చేతులను మెలిపెడతారు. అతడు ఏదో చెబుతాడు. చాలదనిపిస్తే మళ్ళీ కొడతారు. ఆడవారికి కూడా మినహాయింపు లేదు.

అమన్‌ఖావు అనే బాకా ఊదేవాని వాంగ్మూలం గమనింపదగినది. అతనికి తోటి బాకావానితో తగవున్నది. “నీవు చేసిన దొంగతనానికి చావు తప్పదు” అని ఇతడంటే, “నేను పోతే నిన్ను కూడా వెంటబెట్టుకొని పోతాను” అని అతడన్నాడట. ఆ కక్షతోనే తన పేరు చెప్పాడని అమన్‌ఖావు వాదించాడు. కొట్టినా మాట మార్చలేదు. చివరకు అతనిని నిర్దోషిగా విడిచిపెట్టారు. బెత్తం తగిలినవాడు తన సహదొంగల పేర్లే చెబుతాడన్న నమ్మకం లేదు, తన శత్రువుల పేర్లు కూడా చెప్పవచ్చునని ఆనాటి న్యాయస్థానానికే అనుభవంలోకి వచ్చింది.

ఈ సందేహం మన దేశంలో కూడా కొత్తది కాదు. భారతకథలో మాండవ్య మహర్షి సంగతి తెలుగు పాఠకులకు సుపరిచితం. దొంగలు సొత్తును ఆయన ఆశ్రమంలో దాచి పారిపోగా, రాజభటులు ఆయననే దొంగగా భావించి కొరత వేశారు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో చిత్రహింస విధానాలను వరుసగా చెప్పినవాడే. అయినా ఆ సందర్భంలోనే మాండవ్యుని ఉదాహరించి, బాధకు వెరచి దొంగ కానివాడు కూడా దొంగనేనని ఒప్పుకోవచ్చునని హెచ్చరించాడు. రెండు దేశాల వారికీ ఈ విషయం తెలుసు. తెలిసి కూడా రెండు దేశాల వారూ బెత్తాన్ని విడువలేదు.

దీనికి మరొక ఉదాహరణ ఆధునిక కాలంలోనే ఉన్నది. 1870 ప్రాంతంలో థీబ్స్ వద్ద కుర్నా గ్రామానికి చెందిన అబ్దుర్రసూల్ కుటుంబం రాజుల మమ్మీలను దాచిన రహస్య గుహను కనిపెట్టింది. అందులోని వస్తువులను ఒక్కొక్కటిగా అమ్ముకొనసాగింది. 1881లో అధికారులు ఆ కుటుంబంలోని అహ్మద్‌ను పట్టుకొని అరికాళ్ళ మీద కొట్టించారు. అతడు నోరు మెదపలేదు. సోదరుల మధ్య తగవు పుట్టి, అన్న మహమ్మద్ తనంత తానుగా వచ్చి చెప్పిన తరువాతనే గుహ జాడ తెలిసింది. ఆ జులైలో ఎమిల్ బ్రుగ్‌ష్ గుహలోకి దిగి చూస్తే రామెసెస్ II మొదలైన మహారాజుల దేహాలు వరుసగా పడి ఉన్నాయి. మూడువేల యేళ్ళ అనంతరం అదే చోట, అదే నేరానికి, అదే విధమైన దెబ్బలు. ఫలితం మాత్రం శూన్యం.

ఆకలి, రాజ్యం

మిగిలిన సగం జవాబు ఆకలిలో ఉన్నది. ఒక స్త్రీని, “ఈ వెండి నీకెక్కడిది?” అని అడిగారు. కరువు వచ్చిన “హైనాల యేట” బార్లీ ధాన్యం అమ్మగా వచ్చిందని ఆమె చెప్పింది. అది నిజమో, నేర్పుగా చెప్పిన అబద్ధమో తేలదు. కాని కరువును కారణంగా చెబితే న్యాయస్థానం నమ్ముతుందని ఆమె అనుకొన్నదంటే, ఆ కరువు అందరికీ తెలిసినదే అయి ఉండాలి. అంతకు పూర్వమే, సుమారు క్రీ.పూ. 1157లో, రాజసమాధులను తవ్వే పనివారు తమకు రావలసిన ధాన్యపు బత్తెం సమయానికి రాలేదని పని మానివేసి దేవాలయాల ముందు బైఠాయించారు. లోకచరిత్రలో నమోదైన మొదటి సమ్మెగా దీనిని పేర్కొంటారు. సమాధుల లోపల బంగారం ఎక్కడ ఉన్నదో ఎరిగినవారు వారే. బత్తెం అందనివారు కూడా వారే.

ఇంతకన్న గమనింపదగిన విషయం మరొకటి. తరువాతి కాలంలో పూజారులు రాజుల దేహాలను పాత సమాధులనుంచి తీసి, కొత్త గుడ్డలు చుట్టి, రహస్య స్థలాలకు మార్చారు. ఆ గుడ్డల మీద సిరాతో తేదీలు కూడా రాశారు. కాని వాటి మీద బంగారం ఆనవాళ్ళు మిగలలేదు. కష్టకాలంలో రాజ్యమే ఆ బంగారాన్ని తన ఖజానాకు చేర్చుకొని ఉంటుందని నేటి పండితులు పలువురు భావిస్తున్నారు. రాత్రివేళ తొలిచినవానికి కొరత. పగటివేళ ముద్ర విప్పినవానికి ఉద్యోగం. కఠిన న్యాయాన్ని మెచ్చుకొనేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

గ్రంథం విలువ, హద్దులు

పీట్ కృషిలో పెద్ద లోపాలను ఎంచడం న్యాయం కాదు. ముఖ్యమైన పత్రంలో సగం అతనికి దక్కలేదు. అది అతని తప్పు కాదు. అంత ముఖ్యమైన భాగం లేకుండానే అతడు అంత జాగ్రత్తగా రాయగలగడం అతని క్రమశిక్షణకు నిదర్శనం. ఈ పత్రాలన్నీ రాసినది అధికారుల గుమాస్తాలు. నిందితుల మాటలు వారి కలంనుంచి జారినంత మేరకే దక్కాయి. చివరకు ఎవరికి ఏ శిక్ష పడిందన్నది కూడా పూర్తిగా తెలియదు. అమన్‌పనెఫెర్ ముఠాను రాజు నిర్ణయం వచ్చేవరకు దేవాలయ కారాగారంలో ఉంచారన్న మాటతో ఆ పత్రం ఆగిపోతుంది. అందుచేత “సమాధి దొంగలందరినీ కొరత వేశారు” అని రాయడం ఆధారాన్ని మించిపోవడం. కొరత వేస్తామన్న బెదిరింపు ఉన్నది, ప్రమాణంలో ఆ మాట ఉన్నది. ప్రమాణాన్ని అమలుగా, బెదిరింపును ఫలితంగా చదవకూడదు. జనరంజక రచనలు తరచు చేసే పొరపాటు ఇదే.

ఇంటి పక్కని సమాధులు

ఈజిప్టు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఇక్కడ ఆగిపోనవసరం లేదు. తెలంగాణలో అనేక గ్రామాల పొలిమేరలలో పెద్ద గుండ్లను వలయంగా పేర్చిన కట్టడాలు కనిపిస్తాయి. జనం వాటిని రాక్షసగుళ్ళు అంటారు. అవి గుళ్ళు కావు, సమాధులు. చాలావరకు క్రీస్తు పూర్వపు మొదటి వెయ్యేళ్ళలో ఇనుము వాడిన ప్రజలు కట్టినవి. కొన్నిటిలో బండరాళ్ళను పెట్టె ఆకారంలో నిలిపి, పైన మూతబండ కప్పారు. గోదావరి లోయలోని జానంపేట, నాగార్జునసాగరం నీట మునగక పూర్వం తవ్విన ఏలేశ్వరం, 2017లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపిన సిద్ధిపేట ప్రాంతపు నర్మెట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు.

వీటిలో సాధారణంగా దొరికేవి నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప గొడ్డళ్ళు, కత్తులు, మనుషుల ఎముకలు. లంకెబిందెలు కావు. అయినా గుప్తనిధుల ఆశతో అర్ధరాత్రి గునపాలు పట్టేవారు ఉన్నారు. బంగారం దొరకక, కుండలను పగులగొట్టి, ఎముకలను చెల్లాచెదరు చేసి పోతారు. వారికి పనికిరాని ఆ వస్తువులే శాస్త్రజ్ఞులకు నిధి. ఎముకలనుంచి వయస్సు, జబ్బులు, వంశక్రమం తెలుస్తాయి. బొగ్గు ముక్కనుంచి కాలం తేలుతుంది. కుండ ఏ వైపున, ఏ లోతున ఉన్నదన్న దానినిబట్టి అంత్యక్రియల పద్ధతి బోధపడుతుంది. ఒకసారి కదిలిన తరువాత ఆ సాక్ష్యాన్ని ఎవరూ తిరిగి అమర్చలేరు. ఈజిప్టు దొంగ బంగారాన్ని తీసుకొని పోయాడు. ఇక్కడి వేటగాడు ఏమీ తీసుకొని పోకుండానే అంతా పోగొడతాడు.

ఇక్కడ కూడా చట్టాలకు కొదువ లేదు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువగల వస్తువును గురించి కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెట్టినవారికి ఒక సంవత్సరం వరకు జైలు ఉన్నది. అదే చట్టంలో మరొక తెలివైన ఏర్పాటు కూడా ఉన్నది. హక్కుదారు ఎవరూ లేని సందర్భంలో, మరొక ఒప్పందం లేకపోతే, కనుగొన్నవానికి ముప్పాతిక వంతు, భూమి యజమానికి పాతిక వంతు చెందుతుంది. భయం చేయలేని పనిని భాగస్వామ్యం చేయగలదని గ్రహించినవారి రచన అది. రాష్ట్రానికి 2017 నుంచి ప్రత్యేక వారసత్వ చట్టం కూడా ఉన్నది. కాని ఏ ఊరిలో ఎన్ని రాతి వలయాలున్నాయో లెక్క లేనప్పుడు, ఏది పోయిందో చెప్పగలవారెవరు? ఎబట్ పపైరస్‌లో ఎంత రాజకీయమున్నా, అందులో ఒక జాబితా ఉన్నది. పది సమాధుల పేర్లున్నాయి. ఆ జాబితా వల్లనే దోపిడి జరిగినదని మూడువేల యేళ్ళ తరువాత కూడా చెప్పగలుగుతున్నారు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలోని పాఠశాలలు, నస్రుల్లాబాద్ వంటి చోటులోని ఉన్నత పాఠశాల కూడా, ఈ పని చేయగలవు. చుట్టుపక్కల పొలిమేరలలో పాత రాతి వలయాలు, నిలువు రాళ్ళు ఉన్నాయేమో విద్యార్థులు పెద్దలను అడిగి తెలుసుకోవచ్చు. ఉంటే తాడుతో వలయం అడ్డుకొలత తీసి, రాళ్ళను లెక్కపెట్టి, ఛాయాచిత్రం తీసి, సర్వే నంబరుతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టవచ్చు. ఒక ప్రతిని పురావస్తు శాఖకు పంపవచ్చు. ఒక్క నియమం మాత్రం తప్పనిసరి. గునపం ముట్టరాదు. వేసవి సెలవుల తరువాత మళ్ళీ పోయి, రాళ్ళు అన్నీ ఉన్నాయా అని సరిచూసుకోవాలి.

కొరతకొయ్య ఒక్క సమాధిని కూడా కాపాడలేదని పీట్ సేకరించిన పత్రాలు చదివినవారికి స్పష్టమవుతుంది. సరిగా రాసిన జాబితా, ఏటేటా దానిని సరిచూసే కళ్ళు, ఆ సమాధి తమ ఊరిదేనన్న ఎరుక, ఇవి కాపాడగలవు. ఈజిప్టు పాఠం చెప్పేనాడు ఉపాధ్యాయులు కొరత శిక్షల వర్ణనతో ముగించక, తరగతి గది కిటికీనుంచి కనిపించే గుట్ట వైపు చేయి చూపగలిగితే ఆ పాఠానికి సార్థకత కలుగుతుంది.